వెనక్కి పిలుస్తారని లేచి వచ్చాను

ముందుగా ఒక సంగతి తేల్చుకుందాం. నాకు ఉబ్బసం లేదు. ఎప్పుడూ లేదు. మా వంశంలో ఎవరికీ లేదు. అయినా ఈ బెంగళూరులో మా వాళ్ళ ఏ పెళ్ళికి వెళ్ళినా ఎవరో ఒక పెద్దాయన నన్ను పక్కకు పిలిచి, భుజం మీద చెయ్యి వేసి, "ఏమప్పా మురళీ, ఆయాసం ఎట్లుండాది? చలికాలం స్వల్ప జాగ్రత్త" అంటాడు. ఆ మాట వినగానే నాకు ఒళ్ళు మండుతుంది. ఒళ్ళు మండితే గొంతు లేస్తుంది, గొంతు లేస్తే ఊపిరి ఎగబోస్తుంది. "చూసినావా, మొదలైండాది" అని ఆయన నన్ను పక్కాయనకి చూపిస్తాడు.

ఇంత అప్రతిష్ఠా ఒక్క సినిమా వల్ల వచ్చింది. పోనీ, ఉబ్బసం సంగతి అలా ఉంచండి. ఆ రోజు దానికంటే పెద్ద నష్టం ఇంకొకటి జరిగింది. సాహితి అనే అమ్మాయి నాకు దక్కకుండా పోయింది. ఆ అమ్మాయిని ఎవరూ నా దగ్గర్నుంచి లాక్కుపోలేదు. నేనే, నా నోటితో, పట్టపగలు, చల్లటి మాల్‌లో నిలబడి పోగొట్టుకున్నాను. ఎలాగో చెబుతాను. మీరు నవ్వుతారు, నవ్వండి. నాకు మాత్రం ఇంకా కోపంగానే ఉంది.

మాది కాటన్‌పేటలో హోల్‌సేల్ దుకాణం. దుప్పట్లు, తువ్వాళ్ళు, లుంగీలు అమ్ముతాం. తాత పెట్టిన దుకాణాన్ని మా అప్ప, అంటే మా నాన్న, పెంచాడు. అందులో కూర్చుని విసుక్కోవడం నా వంతుకు వచ్చింది. కరూరు నుంచి, షోలాపూర్ నుంచి ఏజెంట్లు శాంపిళ్ళు పట్టుకొస్తారు. ఒక్కోసారి మేమే ఆ ఊళ్ళకు వెళ్ళి సరుకు కొంటాం. కొనడంలో మా ఇంటికి ఒక పద్ధతి ఉంది. అక్షరాలకంటే ముందు నాకు ఆ పద్ధతే నేర్పారు.

ఒక తువ్వాలు మీకు బాగా నచ్చిందనుకోండి. నచ్చినట్టు కనబడకూడదు. దాన్ని వేళ్ళ మధ్య నలిపి, మొహం చేదుగా పెట్టి, "నేత పల్చన" అనాలి. వెలుతురుకు పట్టి చూసి "అంచు వంకర" అనాలి. తడి వేలితో రుద్ది "రంగు దిగుతాది" అనాలి. దిగకపోయినా అనాలి. ఆ తర్వాత "చూస్తాంలే" అని లేచి, చెప్పులు వేసుకుని, నెమ్మదిగా నడవాలి. వెనక్కి తిరిగి చూడకూడదు. వీధి మలుపు చేరేలోపు వెనకనుంచి "రాప్పా, కూర్చో, మాట్లాడుకుందాం" అని కేక వస్తుంది. దాన్ని మా ఇంట్లో పిలుపు అంటారు. పిలుపు వచ్చిందంటే సరుకు మనది, అదీ మన ధరకే. నచ్చిందని ముందే నోరు జారినవాడు మా దృష్టిలో వ్యాపారానికి పనికిరాడు.

ఈ పద్ధతి దుకాణంలోనే ఉండిపోయి ఉంటే నాకు ఏ గొడవా లేదు. అప్ప షట్టరు దించి తాళం వేసేటప్పుడు దాన్ని లోపల పెట్టి రాలేదు, తనతోపాటు ఇంటికి తెచ్చాడు. ఆయన అన్నం తిని బాగుందనడం నేను వినలేదు. నేను పరీక్ష పాసయితే "ఇంకా స్వల్ప వచ్చుండల్ల" అనేవాడు. ఆయన్ని చూసి నేనూ అలాగే తయారయ్యాను. స్నేహితుడు కొత్త చొక్కా వేసుకొస్తే కుట్టు వంకర చూపించేవాణ్ణి. కొత్త ఇల్లు కట్టుకుని పిలిస్తే వెళ్ళి గోడకు పగుళ్ళు వెతికేవాణ్ణి. స్నేహితులు ఒక్కొక్కరే తగ్గారు. వాళ్ళే నన్ను వెనక్కి పిలుస్తారని నేను చాలాకాలం ఎదురు చూశాను.

ఇలాంటివాడికి పెళ్ళిచూపులు ఏర్పాటు చేశారు. రెండు వైపులా తెలిసిన ఒక పెద్దమనిషి తెచ్చిన సంబంధం. సాహితిది బెజవాడ. వైట్‌ఫీల్డ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ, బ్రూక్‌ఫీల్డ్‌లో వాళ్ళ పిన్ని సుభద్రగారింట్లో ఉంటోంది. చూపులు ఆ ఇంట్లోనే జరిగాయి. అందరి ముందూ ఆ అమ్మాయి నన్ను, "మీ షాపులో మీకు బాగా ఇష్టమైన ఐటమ్ ఏంటండీ?" అని అడిగింది. "ఏదీ లేదు" అన్నాను. ఆ అమ్మాయి పకపకా నవ్వింది. దాచుకోకుండా, తల వెనక్కి వాల్చి నవ్వింది. ఆ నవ్వుకు గోడ పక్కనున్న కుక్క లేచి మొరిగింది.

నాకు ఆ అమ్మాయి నచ్చింది. చూడండి, ఇప్పుడు రాస్తుంటే ఎంత సులువుగా వస్తోందో. అప్పుడు మాత్రం ఇంటికొచ్చి "పరవాలేదు" అన్నాను. అప్ప మెచ్చుకోలుగా తల ఊపాడు.

కొన్నాళ్ళకు సాహితి నుంచి ఫోను వచ్చింది.

"ఇంకోసారి కలుద్దామా? ఆదివారం మ్యాట్నీకి. కొత్త కామెడీ వచ్చిందట, అందరూ బాగుందంటున్నారు."

"సినిమాలో కూర్చొని మాట్లాడుకునేది ఎట్లండీ?"

"మాట్లాడక్కర్లేదు. మీరు ఎక్కడెక్కడ నవ్వుతారో చూస్తాను. యాక్చువల్‌గా మనిషి గురించి సగం అక్కడే తెలిసిపోతుంది."

"మిగతా సగం?"

"సినిమా అయ్యాక అడుగుతాను. ఒక్క ప్రశ్నే. పిన్ని కూడా వస్తుంది, పర్లేదు కదా?"

ఇంతకంటే విప్పి ఏ ఆడపిల్ల చెబుతుంది? నవ్వు నాయనా, నవ్వితే చాలు అని చెప్పినట్టే. బుర్ర ఉన్నవాడైతే ఇంట్లో అద్దం ముందు నిలబడి నవ్వడం అభ్యాసం చేసేవాడు. నేనేం అనుకున్నానో తెలుసా? ఈ అమ్మాయి నా మొహం చూసి నా ధర కనిపెట్టడానికి వస్తోంది, కాబట్టి ఏం జరిగినా నవ్వకూడదు అనుకున్నాను. ఆనాటి నన్ను ఇప్పుడు ఎవరైనా తెచ్చి నా ముందు నిలబెడితే రెండు చెంపలూ వాయించేస్తాను.

ఆదివారం మెజస్టిక్ నుంచి మెట్రో ఎక్కి వైట్‌ఫీల్డ్ వైపు బయలుదేరాను. ఎంతకీ రాని ఆ దూరం మీద కోపం, మాల్‌లో నా బ్యాగు తడిమి చూసిన గార్డు మీద కోపం, బకెట్టంత డబ్బాలో పోసిన పేలాల మీద కోపం. లోపల భయం అంతా ఇంతా కాదు, అది బయటికి కోపంగా వస్తోంది. హాల్లో సుభద్రగారు మా ఇద్దరి మధ్య కూర్చున్నారు. సాహితి నా మొహం చూడాలంటే పిన్నిగారి మీదుగా ముందుకు వంగాలి. మాటిమాటికీ వంగుతూనే ఉంది.

సినిమా పేరు చెప్పను. వాళ్ళకి నావల్ల ఇంకో టికెట్టు అమ్ముడుపోవడం నాకిష్టం లేదు. అందులో హీరో పళ్ళ డాక్టరు. ఎవరితోనూ కలవడు. లిఫ్టులో ఇంకొకరు ఎక్కితే దిగిపోయి మెట్లెక్కుతాడు. కుర్చీలో పడుకోబెట్టి నోటి నిండా దూది కుక్కిన వాళ్ళతోనే మాట్లాడతాడు, ఎందుకంటే వాళ్ళు తిరిగి జవాబు చెప్పలేరు. తన ఏడుపంతా వాళ్ళ దగ్గర వెళ్ళబోసుకుంటాడు. ఒకరోజు హీరోయిన్ పన్నునొప్పితో వస్తుంది. నోట్లో దూది ఉన్నా ఆ అమ్మాయి ఊరుకోదు. వాడు అన్న ప్రతి మాటకీ "ఆఆ, ఊఊ" అంటూ జవాబు చెబుతుంది. వాడు బిత్తరపోయి, "నేను మొండివాణ్ణి అంటున్నారా?" అంటాడు. "ఊఊ" అంటుంది.

హాలంతా ఘొల్లుమంది. సాహితి మోకాలు చరుచుకుని నవ్వింది. నాకూ నవ్వు కడుపులోంచి తన్నుకొచ్చింది. దాన్ని ఆపడానికి గుప్పెడు పేలాలు నోట్లో కుక్కుకున్నాను. పైకొచ్చే నవ్వు, లోపలికి పోయే పేలాలు గొంతులో ఎదురుపడ్డాయి. ఇక దగ్గు మొదలైంది.

"పొలమారిందా బాబూ?" అన్నారు సుభద్రగారు.

"లేదండీ."

తర్వాతి సీనులో డాక్టరు అద్దం ముందు నిలబడి "నమస్కారం, బాగున్నారా" అనడం నేర్చుకుంటున్నాడు. పది రకాలుగా అంటాడు, ప్రతిసారీ బెదిరించినట్టే ఉంటుంది. మళ్ళీ హాలంతా నవ్వు, మళ్ళీ నాకు దగ్గు. ఈసారి ఊపిరి ఆడక మొహం ఎర్రబడింది.

"చిన్నప్పట్నుంచీ ఉందా బాబూ?" పిన్నిగారు గొంతు తగ్గించి అడిగారు.

"ఏంది ఉండేది?"

"ఆయాసం."

"అది ఆయాసం కాదండీ."

"మరేంటి?"

నవ్వు అని చెప్పలేను. చెబితే మొత్తం బయటపడుతుంది. "ఏసీ" అన్నాను.

"నేననేదీ అదే. ఏసీ పడటం లేదంటే అదే. మా తోటికోడలి తమ్ముడికి కూడా ఇలానే మొదలైంది" అంటూ ఆవిడ తన శాలువా తీసి నాకు కప్పారు. వద్దంటే వినలేదు, మెడ చుట్టూ తిప్పి ముడి కూడా వేశారు. నా వేళ్ళు అలవాటుకొద్దీ ఆ శాలువా అంచు నలిపాయి. "నేత పల్చన" అన్నాను. మనసులో అనుకున్నాననుకున్నాను గానీ పైకే అన్నాను.

"ఏమన్నావు బాబూ?"

"చలి అంటినండీ."

ఆవిడ జాలిగా నా వీపు నిమిరారు. ఇంటర్వెల్‌లో లైట్లు వెలిగేసరికి నేను పూల శాలువాలో చుట్టుకుని పేలాల డబ్బా పట్టుకుని కూర్చుని ఉన్నాను. సాహితి నన్ను పరిశీలనగా చూసింది.

"మీరు ఒక్కసారి కూడా నవ్వలేదు."

"ఏముండాది నవ్వేదానికి?"

"సీరియస్‌గా? ఆ దూది సీనుకి కూడానా?"

"దూది నాసిరకం" అన్నాను.

సాహితి దానికీ నవ్వింది. నేను సరదాగా అన్నాననుకుంది పాపం. ఆ క్షణంలో నేను కూడా నవ్వేసి ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది, మీకు శుభలేఖ వచ్చి ఉండేది. నేను మొహం బిగించుకున్నాను.

రెండో సగం నన్ను పూర్తిగా నాశనం చేసింది. ఆ డాక్టరు గాడు మారడం మొదలుపెట్టాడు. లిఫ్టులో నిలబడటం నేర్చుకున్నాడు, పక్కింటి ముసలావిడకు కూరగాయలు తెచ్చిపెట్టాడు. చివరికి బస్టాండులో జనమందరి మధ్య హీరోయిన్ ముందు నిలబడి, "మీరు రాకపోతే నా క్లినిక్కులో అందరి నోళ్ళూ ఒకేలా కనబడుతున్నాయి. మీరు నాకు కావాలి" అని మొదలుపెట్టాడు. ఇలా చెప్పేస్తే వీడి గతేంకాను? ఆ అమ్మాయి ఇంకా ఔననలేదు, కాదనలేదు. ఇంత అజ్ఞానిని నేను కరూరు సంతలో కూడా చూడలేదు.

నేను లేచి నిలబడ్డాను. ఎప్పుడు లేచానో నాకు తెలియదు. "చెప్పొద్దురా. నోరు మూసుకోరా మూర్ఖుడా. అంతా పోతాది, చెప్పొద్దు" అని తెర మీదివాణ్ణి బెదిరించాను.

"సార్, కూత్కొళ్ళి" అన్నారు వెనకనుంచి కన్నడంలో.

"ఏయ్ శాలువా, కూర్చో" అన్నారు తెలుగులో.

"కూర్చో బాబూ, ఆవేశపడితే ఇంకా ఎక్కువవుతుంది" అని పిన్నిగారు నన్ను చెయ్యి పట్టి లాగారు.

తెర మీద హీరోయిన్ ఏ బేరమూ ఆడకుండా వాడికి చెయ్యి అందించింది. సాహితి కళ్ళు తుడుచుకుంటోంది. నిజం చెప్పాలంటే నాకూ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. దానికి నాకు మరింత కోపం వచ్చి, పిన్నిగారి శాలువాతో ముక్కు తుడిచేశాను.

బయటికొచ్చాక పిన్నిగారు మమ్మల్ని కావాలనే వదిలి, చేతులు కడుక్కొస్తానని వెళ్ళారు. నడవాలో గాజు గోడ పక్కన మేమిద్దరం నిలబడ్డాం.

"ఎలా ఉంది సినిమా?" అంది సాహితి.

"పరవాలేదు. మొదటి సగం సాగింది, రెండో సగం పల్చన."

"ఓకే. ఇప్పుడు నా ప్రశ్న. నేను మీకు ఎలా అనిపించాను? నిజం చెప్పండి."

ఆ అమ్మాయి ధైర్యం చూడండి. నిలబడి, కళ్ళల్లోకి చూసి అడిగింది. ఆ మాట అడగడానికి ఎంత సిద్ధపడిందో, దుపట్టా కొనను ఎలా మెలిపెడుతోందో నేను చూశాను. నచ్చినారు అన్న మాట నాలుక దాకా వచ్చింది. సరిగ్గా అప్పుడే నాలో మా తాత, మా అప్ప ఇద్దరూ లేచి కూర్చున్నారు.

"బ్రూక్‌ఫీల్డ్ శానా దూరం" అన్నాను.

"ఊఁ."

"మీ తెలుగులో ఇంగ్లీషు ఎక్కువ."

"ఇంకా?"

ఇంకా అని అమ్మేవాడు అడిగాడంటే బేరం దారిలో పడ్డట్టే. నాకు ఊపు వచ్చింది. "మీరు నవ్వితే ముందు వరసదాంక వినపడతాది. ఎత్తు కూడా స్వల్ప ఎక్కువే. వంట ఆదివారం తప్ప చేయరంట."

"అంతేనా?"

"ఇప్పటికి అంతే. చూస్తాంలే" అని, మెడలో ముడి విప్పి, శాలువా ఆమె చేతిలో పెట్టి నడక మొదలుపెట్టాను.

ఎంత బాగా నడిచానంటారు. అప్ప చూసి ఉంటే మురిసిపోయేవాడు. తొందర లేదు, తడబాటు లేదు, వెనక్కి చూడటం లేదు. చెవులు మాత్రం రెండూ వెనక్కే ఉన్నాయి. చెప్పుల దుకాణం దాటాను, పిలుపు రాలేదు. ఐస్‌క్రీం కొట్టు దాటాను, రాలేదు. నడక ఇంకా నెమ్మది చేద్దామనుకునేలోపు ఎస్కలేటర్ వచ్చింది. మా కాటన్‌పేటలో వీధి కదలదు, మనిషే కదులుతాడు. ఈ దిక్కుమాలిన యంత్రం మీద నేను ఆగినా అది ఆగదు, నన్ను కిందికి లాక్కుపోతోంది. పిలుపు వినబడనంత దూరం పోతానేమోనని దాని మీదే ఎదురు మెట్లు ఎక్కడం మొదలుపెట్టాను. నేను పైకి, అది కిందికి. ఉన్నచోటే ఉండి చెమటలు కక్కాను.

"సార్, ఏను మాడ్తిదీరా?" అని, ఏం చేస్తున్నారంటూ కన్నడంలో అడిగాడు కిందనున్న గార్డు.

"పిలుపు కోసం కాసుకోనుండా" అన్నాను.

వాడు నన్ను చెయ్యి పట్టి కిందికి దింపాడు. అప్పుడు గాజు గోడలోంచి చూద్దును కదా, సాహితి, పిన్నిగారు ఇంకో దారిన దిగి క్యాబులు ఆగే చోటికి నడుస్తున్నారు. వెళ్ళిపోతున్నారు. కొనేవాడు లేచి వెళ్ళడం చూశాను గానీ, అమ్మేవాళ్ళు కొట్టు వదిలేసి ఇంటికి పోవడం నేనెక్కడా చూడలేదు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. పరిగెత్తాను.

"ఏమండీ, పిలవరా?" అన్నాను రొప్పుతూ. క్యాబ్ తలుపు తీసి పట్టుకుని సాహితి వెనక్కి తిరిగింది.

"ఎవర్ని?"

"నన్నే. అంత నిదానంగా పోతాండా కదా. మీరు పిలవల్ల."

"మీకు నచ్చలేదు కదా. నచ్చలేదన్నవాళ్ళని నేనెందుకు పిలుస్తాను?"

"నచ్చలేదని ఎవరు చెప్పినారు?"

"మీరే. ఎత్తు ఎక్కువ, నవ్వు ఎక్కువ, ఇంగ్లీష్ ఎక్కువ, వంట తక్కువ."

"అవన్నీ నచ్చితేనే చెప్తారు. నచ్చని సరుకుని మేము చేత్తో కూడా తాకం. ఇన్ని తప్పులు ఎతికినానంటే ఎంత నచ్చిందో మీకు తెలియల్ల."

"నేను సరుకునా?" అంది సాహితి.

క్యాబుల కోసం నిలబడిన జనం ఫోన్లలోంచి తలలెత్తారు. ఇక దాచడానికి ఏమీ మిగల్లేదు. "నాకు మీరు నచ్చినారు. చూపుల దినమే నచ్చినారు. కుక్క మొరిగింది చూడండి, అప్పుడే నచ్చినారు" అని అరిచాను. ప్రేమ మాటలా లేదు, నా స్కూటరుకి డాష్ ఇచ్చినవాడితో పోట్లాడినట్టు ఉంది. అలాగే వచ్చింది, ఏం చెయ్యను.

సాహితి తలుపు వదిలి నా వైపు వచ్చింది. "అయితే ఏం నచ్చిందో ఒక్కటి చెప్పండి. ఒక్కటి చాలు."

నోరు తెరిచాను. లోపాలైతే తెల్లారేదాకా చెప్పగలను. మెచ్చుకునే మాట ఒక్కటి కావలసి వస్తే నా దగ్గర లేదు. వెతికాను, మొహం మీద చెమట కారింది. డ్రైవరు హారన్ కొట్టాడు. చివరికి నాకు తెలిసిన అత్యుత్తమమైన మాటలు చెప్పాను.

"నేత గట్టిది. రంగు దిగదు. ఎన్ని ఉతుకులైనా అట్లే ఉంటారు."

"ఏమంటున్నాడే?" అన్నారు పిన్నిగారు కారులోంచి.

సాహితి ఒక్క నిమిషం తెల్లమొహం వేసి, తర్వాత పగలబడి నవ్వింది. "నన్నెవరు ఉతుకుతారండీ?" అంది. నాకూ ఆగలేదు. సినిమా మొదలైనప్పట్నుంచీ బిగపట్టిందంతా ఒక్కసారి బయటపడి, కడుపు పట్టుకుని వంగిపోయి నవ్వాను. "అయ్యో, మళ్ళీ వచ్చింది" అని పిన్నిగారు మంచినీళ్ళ సీసా అందించారు.

"మీ నవ్వు బాగుంది" అంది సాహితి. ఎంత తేలిగ్గా అనేసిందో చూడండి. నేను అంతా కుదిరిపోయిందనుకున్నాను. ఆ అమ్మాయి నవ్వు ఆపి, కళ్ళు తుడుచుకుంది. "మీరు అబద్ధం చెప్పట్లేదని నాకు తెలుసు. కానీ నేను వెళ్ళిపోతుంటే గానీ మీకు ఆ మాట రాలేదు. ప్రతిసారీ నేను క్యాబ్ ఎక్కి కూర్చోలేను కదండీ."

ఆ అమ్మాయి కారెక్కింది. పిన్నిగారు అద్దం దించి, "మిరియాలు, తేనె, పరగడుపున. మర్చిపోకు బాబూ" అన్నారు. తర్వాత సాహితి ఇంట్లో వద్దని మాత్రమే చెప్పిందట. ఎందుకని అడిగినవాళ్ళందరికీ, అబ్బాయికి ఉబ్బసమని పిన్నిగారే కారణం చెప్పారు. కారు మలుపు తిరిగేదాకా నేను అక్కడే నిలబడ్డాను. పిలుద్దామనుకున్నాను. మా ఇంట్లో పిలిపించుకోవడమే నేర్పారు గానీ పిలవడం ఎవరూ నేర్పలేదు.

మెట్రోలో కూర్చుని అందరినీ తిట్టుకున్నాను. సినిమా తీసినవాణ్ణి, ఎస్కలేటర్ కనిపెట్టినవాణ్ణి, చివరికి అప్పని. ఇల్లు చేరేసరికి అప్ప ముందుగదిలో ఉప్పిట్టు, అంటే ఉప్మా, ప్లేటు ఒళ్ళో పెట్టుకుని నాకోసమే చూస్తున్నాడు.

"పిలిచినారా?"

"లేదు."

"యాడిదాంక పోయినావు?"

"ఎస్కలేటర్ దిగి కింది దాంక."

"బిరబిరా పోయుంటావు. నిదానంగా పోవల్ల అని ఎన్నితూర్లు చెప్పింటా."

అంతే, నాలో ఏదో తెగింది. "నీ పద్ధతి ఉండాది చూడప్పా, అది తువ్వాళ్ళకి. మనుషులకి కాదు. నాకా పిల్ల నచ్చింది. నచ్చిందని చెప్పేదానికి నోరు రాలేదు. ఏం నచ్చిందని అడిగితే ఒక్క మంచి మాట దొరకలేదు. అంతా నీవల్లే" అని ఇల్లెగిరిపోయేలా అరిచాను. ఆయన మీద అలా అరవడం అదే మొదటిసారి.

అప్ప తొణకలేదు. "మనుషులకి కాదని ఎవరు చెప్పినారు? మీ అమ్మని అట్లే తెచ్చుకుంటి. చింతామణిలో వాళ్ళింట్లో కూర్చొని, పిల్ల నలుపు, పన్ను ఎత్తు అని చెప్పి చెప్పులేసుకుంటి. బస్టాండు చేరేలోపల పిలుపు వచ్చింది. కావల్లంటే అడుగు ఆమెని."

అమ్మ వంటింటి గుమ్మంలో గరిటెతో నిలబడి ఉంది.

"ఔను, పిలిచినారు" అంది. "పిలిచింది మా నాయిన. నన్ను అడిగింటే పిలిచుండను."

అప్ప నోటి దగ్గర చెంచా ఆగిపోయింది.

"తలుపెనకాల నిలబడి అంతా వింటి. పన్ను ఎత్తని చెప్పినావు. ఆ పొద్దునుంచి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోకుండా నేను నవ్వింది లేదు. ఎప్పుడన్నా చూసినావా?"

ఆయన చూడలేదు. నేను చూసి కూడా గమనించలేదు. చిన్నప్పటినుంచీ అమ్మ నవ్వినప్పుడల్లా చెయ్యి నోటికి పోవడం చూస్తూనే ఉన్నాను, అది అమ్మ అలవాటనుకున్నాను. నా కోపమంతా ఎటు పోయిందో తెలియలేదు, దాని బదులు సిగ్గు వేసింది. అప్ప ప్లేటులోకి చూశాడు, అమ్మ వైపు చూశాడు, గోడ వైపు చూశాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో మొదటిసారి ఆ మాట ఆయన నోటినుంచి ఊడిపడింది.

"ఉప్పిట్టు బాగుండాది."

"దాంట్లో ఉప్పే వెయ్యలేదు" అంది అమ్మ. "వీడు ఏం చెప్తాడో అని ఆలోచన చేస్తా మర్చిపోయినా."

ప్లేటు ఆయన చేతిలోంచి లాక్కుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. గిన్నెలు చప్పుడయ్యాయి. అప్ప నా వైపు వంగి, దుకాణంలో ఎవరి దగ్గరా తగ్గని ఆ మనిషి, గొంతు తగ్గించి అడిగాడు.

"ఇప్పుడేం చేసేది?"

"లేసి పో అప్పా. పోయి పిలువు."

"ఏమని పిలవల్ల?"

నాకేం తెలుసు? ఆయన కాసేపు పంచె సర్దుకున్నాడు, దగ్గాడు, తర్వాత లేచి వంటింటి వైపు నడిచాడు. ఆయన ఎప్పుడూ అంత వేగంగా నడవడం నేను చూడలేదు.

కాబట్టి చదివే పెద్దలారా, కాటన్‌పేట దుప్పట్ల వ్యాపారుల వంశంలో పుట్టిన మురళి అను నేను, పూర్తి స్పృహలో, ఎవరి ఒత్తిడీ లేకుండా చేస్తున్న ప్రమాణం ఇది. నచ్చినదాన్ని నచ్చిందని నచ్చినచోటే చెబుతాను. పోట్లాడుతున్నట్టు వినబడినా సరే, చెప్పి తీరతాను. వెనక్కి పిలుస్తారని ఇక ఏ మనిషి ముందునుంచీ లేచి రాను. అయితే మెచ్చుకునే ముందు మాత్రం ఒక ముద్ద నోట్లో పెట్టుకుని చూస్తాను.